ఒకే ఊరు, ఒకే జాబితా: వరద సహాయంలో క్రైస్తవ సంఘాల ఉమ్మడి కృషిపై సమీక్ష

వరద సహాయం అనే ఒక్క మాటలో మూడు వేర్వేరు పనులు ఇమిడి ఉన్నాయి. నీరు చుట్టుముట్టిన వేళ మనుషులను, పశువులను గట్టుకు చేర్చడం రక్షణ. ఆపై కొన్ని వారాలపాటు తిండి, మంచినీరు, మందులు, తలదాచుకునే చోటు సమకూర్చడం ఉపశమనం. నీరు తీసిపోయాక ఇల్లు, పొలం, బతుకుదెరువు మళ్లీ నిలబెట్టడం పునరావాసం. ఈ మూడింటిలోనూ ప్రభుత్వంతో పాటు క్రైస్తవ సంఘాలు చాలాకాలంగా పాలుపంచుకుంటున్నాయి. అయితే తెలుగునాట కతోలికులు, దక్షిణ ఇండియా సంఘం వారు, లూథరన్లు, బాప్టిస్టులు, మెన్నోనైట్లు, సాల్వేషన్ ఆర్మీ వారు, పెంతెకొస్తు వారు, ఏ శాఖకూ చెందని స్వతంత్ర సంఘాల వారు ఒకే మండలంలో, ఒక్కోసారి ఒకే వీధిలో, ఎవరి మందిరం వారు కట్టుకుని ఉంటారు. విశ్వాస సూత్రాల్లోనూ ఆరాధన పద్ధతుల్లోనూ ఏకీభవించని ఈ శాఖలు వరద ముందు ఎంతవరకు కలిసి నడిచాయి, ఎక్కడ తడబడ్డాయి, ఆ కలయిక నిలవడానికి ఏం కావాలి అన్నదే ఈ సమీక్షకు విషయం. కృష్ణా, గోదావరి డెల్టాల అనుభవాన్ని కేంద్రంగా తీసుకుని కేరళ, అమెరికా అనుభవాలను దాని పక్కన పెట్టి చూస్తే ఒక సంగతి తేటపడుతుంది: బాధితుల జాబితా ఒకటైన చోట శాఖల ఐక్యత ఫలించింది, ఎవరి జాబితా వారిదైన చోట సామగ్రి లారీలకొద్దీ వచ్చినా అవసరమున్న గడపకు చేరలేదు.

తొలి అనుభవాలు

తెలుగు తీరానికి ఉప్పెన కొత్త కాదు. ఉప్పెన అంటే తుఫాను గాలికి సముద్రం గోడలా లేచి నేల మీదికి రావడం. 1864 నవంబరు 1న మచిలీపట్నాన్ని ముంచిన ఉప్పెనలో సుమారు 30 వేల మంది చనిపోయారు. ఆనాటికి విపత్తు సహాయమంటే ఏ దొర తన పరిధిలో, ఏ మిషను తన ఆవరణలో చేయగలిగినంత చేయడమే. శాఖల మధ్య ఉమ్మడి ఏర్పాటు ఏదీ లేదు.

ఆ తర్వాత వచ్చిన 1876–78 నాటి మహా కరువు వరద కాకపోయినా, సహాయానికీ మతానికీ మధ్య ఉండవలసిన హద్దును తొలిసారి గట్టిగా ముందుకు తెచ్చింది. ఒంగోలులో పనిచేస్తున్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పనిని గుత్తకు తీసుకుని ఆకలితో ఉన్నవారికి కూలి ఇప్పించాడు. ఆ కాలంలో బాప్తిస్మం కోరి వచ్చినవారిని, కూలి కోసమో గింజల కోసమో వచ్చారన్న మాట రాకూడదని, ఏడాదికి పైగా ఆపి ఉంచాడు. కరువు సహాయం ముగిసిన తర్వాతే, 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంఖ్య చరిత్ర పుస్తకాలకు ఎక్కినంతగా దాని ముందున్న నిరీక్షణ ఎక్కలేదు. సహాయం చేసే చేయి ప్రతిఫలం ఆశించరాదన్న నియమం తర్వాతి కాలంలో అంతర్జాతీయ నియమావళిగా రూపొందడానికి శతాబ్దం ముందే ఒంగోలులో ఆచరణలోకి వచ్చింది.

ఐక్యతకు పునాదులు

క్రైస్తవ శాఖలు ఒకదాన్నొకటి గుర్తించి దగ్గరకు రావడానికి జరిగిన ప్రయత్నాన్ని సంఘైక్య ఉద్యమం అంటారు. దానికి తెలుగు ప్రాంతం తోడ్పాటు తక్కువది కాదు. 1947 సెప్టెంబరు 27న ఆంగ్లికన్, మెథడిస్టు, కాంగ్రిగేషనల్, ప్రెస్బిటేరియన్ శాఖలు కలిసి దక్షిణ ఇండియా సంఘంగా ఏర్పడినప్పుడు ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాల సంఘాలు కూడా అందులో చేరాయి. అదే ఏడాది దేశ విభజనతో ఢిల్లీకి తరలివచ్చిన శరణార్థుల కోసం ప్రొటెస్టెంటు సంఘాలు మొదలుపెట్టిన సహాయ కృషి నుంచి ‘చర్చెస్ ఆగ్జిలరీ ఫర్ సోషల్ యాక్షన్’, క్లుప్తంగా ‘కాసా’, ఎదిగింది. దేశంలోని 24 ప్రొటెస్టెంటు, ఆర్థడాక్సు సంఘాల తరఫున విపత్తుల్లో పనిచేసే ఉమ్మడి సంస్థ ఇది. కతోలికుల వైపు 1962లో ఏర్పడిన కారితాస్ ఇండియా, ఒక్కొక్క మేత్రాసనంలో ఉన్న సాంఘిక సేవా కేంద్రాల ద్వారా పనిచేస్తుంది. మేత్రాసనం అంటే ఒక బిషప్పు పాలనలో ఉండే ప్రాంతం, దాని కింద ఊళ్ల స్థాయిలో ఉండేవి విచారణలు.

ఈ రెండు ప్రవాహాలూ కలవడానికి సిద్ధాంత పరంగా రెండు నిర్ణయాలు దారి తీశాయి. 1952లో స్వీడన్‌లోని లుండ్‌లో జరిగిన ప్రపంచ మహాసభ, లోతైన విశ్వాస భేదాలు తప్పనిసరిగా వేరుచేసే విషయాల్లో తప్ప మిగిలిన అన్నింటిలో సంఘాలు కలిసి పనిచేయాలా వద్దా అన్న ప్రశ్నను సంఘాల ముందు పెట్టింది. 1964 నవంబరులో రెండవ వాటికన్ మహాసభ వెలువరించిన ఐక్యతా ప్రకటన, ఆకలి, ప్రకృతి వైపరీత్యాలు, నిరక్షరాస్యత, పేదరికం, ఇళ్ల కొరత వంటి కష్టాలను తీర్చే పనిలో కతోలికులు ఇతర క్రైస్తవులతో చేయి కలపాలని పిలుపునిచ్చింది. రెండేళ్లు తిరగకముందే, 1966 నాటి బీహార్ కరువు రోజుల్లో, కతోలికులు, ప్రొటెస్టెంట్లు కలిసి బావుల తవ్వకం, నీటి వసతుల కోసం ‘ఆఫ్‌ప్రో’ అనే ఉమ్మడి సంస్థను నిలబెట్టారు. వేదాంతంలో శతాబ్దాలుగా తెగని వాదాలు ఉన్నవారికి బోరు ఎక్కడ వేయాలన్న విషయంలో పేచీ రాలేదు, ఎందుకంటే ఆ ప్రశ్నకు జవాబు నేలలో ఉంది. విపత్తులో ఉమ్మడి కృషి నిలిచేది ఇలాంటి చేతిపని మీదనే అన్న పాఠం అక్కడి నుంచే మొదలైంది.

దివిసీమ నేర్పినది

తెలుగు ప్రజల జ్ఞాపకంలో వరద అంటే ముందుగా వచ్చే పేరు దివిసీమ. 1977 నవంబరు 19, శనివారం, కృష్ణా నది రెండు పాయల నడుమ ఉన్న ఆ పల్లపు నేల మీదికి సుమారు ఐదు మీటర్ల ఎత్తున ఉప్పెన వచ్చి అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు ప్రాంతాల ఊళ్లను తుడిచిపెట్టింది. చనిపోయినవారు పది వేలకు పైనే. మరునాడు ఆదివారం, ఆరాధనకు రావలసినవారిని వెతుక్కునే రోజు అయింది. ఆ తీరంలో సముద్రానికి దగ్గరగా, పల్లపు చోట్ల నివసించేవారిలో మత్స్యకారులు, వ్యవసాయ కూలీలు, దళితులు ఎక్కువ. తెలుగు క్రైస్తవుల్లో అత్యధికులు దళితులే కనుక సహాయం చేయవలసిన సంఘాలే బాధిత సంఘాలు కూడా అయ్యాయి. బయటి నుంచి వచ్చే సహాయక బృందానికీ, ఊరిలోనే ఉండి తన వారిని పోగొట్టుకున్న స్థానిక సంఘానికీ ఉన్న ఈ తేడా మొత్తం చర్చలో కీలకమైనది. స్థానిక సంఘానికి ప్రతి గడపా తెలుసు. దాని దగ్గర లేనివి లారీ, డబ్బు, మందులు.

దివిసీమకు ముందే 1969 మే నెల తుఫాను కోస్తా ఆంధ్రను దెబ్బతీసినప్పుడు, బెల్జియం నుంచి వచ్చిన జెస్విట్ గురువు మైకేల్ విండీ గుంటూరు కేంద్రంగా గ్రామ పునర్నిర్మాణ సంస్థను ప్రారంభించాడు. ఆయన పద్ధతిలో లెక్కకు ప్రమాణం ఇల్లు కాక ఊరు. కూలిన గుడిసెలకు ఒక్కొక్కదానికి ఇంత అని ఇచ్చి వెళ్లిపోకుండా, ఊరంతటినీ ఒకేసారి తీసుకుని, వీధులు, బావి, ఉమ్మడి స్థలం, ఇళ్లు కలిపి గీసి, ఆ ఊరివారితోనే కట్టించడం ఆ సంస్థ పని తీరు. ఊరంతా ఒకేసారి లెక్కకు వచ్చినప్పుడు ఎవరి పేరూ జారిపోవడం కష్టం; జాబితా ఒకటిగా ఉండటం వల్ల కలిగే మేలు ఇదే.

1977 తర్వాత వచ్చిన మరో పెద్ద మార్పు తుఫాను షెల్టరు. గట్టి స్తంభాల మీద లేపి, ఉప్పెన నీరు కింద నుంచి సాగిపోయేలా, బయటి మెట్ల మీదుగా పై అంతస్తుకూ డాబా మీదికీ ఎక్కేలా కట్టిన ఈ కాంక్రీటు భవనాలను ప్రభుత్వంతో పాటు రెడ్‌క్రాస్, కాసా వంటి సంస్థలు తీరం వెంబడి నిర్మించాయి. మామూలు రోజుల్లో అవి బడిగానో సమావేశ మందిరంగానో ఉపయోగపడతాయి కనుక తలుపుల తాళాలు, నీటి తొట్టి, మెట్ల రెయిలింగు బాగున్నదీ లేనిదీ ఊరివారికి తెలుస్తుంది. వాడకంలో లేని షెల్టరు అవసరం వచ్చేసరికి పాడుబడి ఉంటుంది. 1990 మే నెలలో కృష్ణా ముఖద్వారం దగ్గర తీరం దాటిన మహా తుఫానుకు ముందు సుమారు ఆరున్నర లక్షల మందిని సురక్షిత ప్రాంతాలకు తరలించగలిగారు. ఆ విపత్తులో సుమారు 967 మంది చనిపోయారు. 1977తో పోలిస్తే మరణాలు పదో వంతుకు తగ్గడానికి ముందస్తు హెచ్చరిక, తరలింపు, షెల్టర్లు కలిసి కారణమయ్యాయి. ఈ ఘనత ఏ ఒక్క సంస్థదీ కాదు; అందులో చర్చి సంస్థల వాటా నిజమైనది, మొత్తంలో భాగంగా ఉండటం వల్లనే ఫలించినది.

పని పంచుకోవడం: అమెరికా, కేరళ

శాఖలు వేర్వేరుగా ఉంటూనే కలిసి పనిచేయడానికి అమెరికాలో రూపుదిద్దుకున్న పద్ధతి పరిశీలించదగినది. 1969 నాటి కెమిల్ హరికేన్ సమయంలో సహాయక సంస్థలు ఒకరి పని ఒకరికి తెలియక చిందరవందరగా పనిచేశాయన్న అనుభవంతో 1970లో విపత్తుల్లో పనిచేసే స్వచ్ఛంద సంస్థల జాతీయ వేదిక ఏర్పడింది. దాని నీడలో శాఖలు క్రమంగా పనులు పంచుకున్నాయి. సదరన్ బాప్టిస్టులు సంచార వంటశాలల్లో వేలమందికి వండుతారు, ఆ భోజనాన్ని ఎక్కువగా రెడ్‌క్రాస్ వాహనాలు పంచుతాయి. మెన్నోనైట్లు వడ్రంగులుగా, తాపీ పనివారుగా వచ్చి ఇళ్లు తిరిగి కడతారు. అడ్వెంటిస్టులు వచ్చిపడే సామగ్రిని గోదాముల్లో వేరుచేసి లెక్కపెడతారు. చర్చ్ ఆఫ్ ది బ్రదరన్ వారు శిబిరాల్లో పసిపిల్లలను ఆడించి భయం పోగొడతారు. క్రిస్టియన్ రిఫార్మ్డ్ సంఘం వారు ఇల్లిల్లూ తిరిగి ఇంకా తీరని అవసరాలు నమోదు చేస్తారు. ఆ నమోదు ఆధారంగా స్థానిక కమిటీలో అన్ని సంస్థలూ ఒక బల్ల చుట్టూ కూర్చుని, ఫలానా ఇంటికి కప్పు ఎవరు వేస్తారు, కలప ఎవరు కొంటారు, కూలి ఎవరు పెడతారు అని ఒక్కొక్క కుటుంబం పేరు మీద తేల్చుకుంటాయి.

మెథడిస్టు సంఘాలు తయారుచేసే శుభ్రతా బకెట్టు ఈ క్రమశిక్షణకు చిన్న ఉదాహరణ. మూత ఉన్న ఒక పెద్ద ప్లాస్టిక్ బకెట్టులో బట్టల సబ్బు, గిన్నెల సబ్బు, గట్టి బ్రష్షు, తుడుపు గుడ్డలు, చేతి తొడుగులు, చెత్త సంచులు, దండెం తాడు, క్లిప్పులు నిర్ణీత సంఖ్యలో సర్దుతారు. ఏ ఊరి సంఘం సర్దినా బకెట్టు ఒకేలా ఉంటుంది కనుక గోదాములో విప్పి చూడవలసిన పని ఉండదు, అందుకునేవారిలో ఎక్కువ తక్కువల తగువు ఉండదు. బురద నిండిన ఇంటికి తిరిగి వచ్చిన గృహిణికి ఆ పూట కావలసింది పాత చీరల మూట కంటే చీపురు, బకెట్టు అన్న గ్రహింపు ఆ ఏర్పాటు వెనుక ఉంది.

కేరళలో 2018 ఆగస్టు వరదలు రక్షణ దశలో సంఘాల పాత్రను చూపాయి. తీరంలోని మత్స్యకారులు, వారిలో పెద్ద సంఖ్యలో లాటిన్ కతోలిక విచారణలకు చెందినవారు, తమ పడవలను లారీలకెక్కించి ఎన్నడూ చూడని లోతట్టు ఊళ్లకు వెళ్లారు. ప్రభుత్వ లెక్కల ప్రకారం 669 పడవల్లో 4,537 మంది మత్స్యకారులు 65 వేల మందికి పైగా ప్రజలను కాపాడారు. పడవ, దాన్ని నడిపే నేర్పు, ఒక్క కబురుతో కదిలే విచారణ బంధం అనే మూడూ వరదకు ముందే ఉన్నాయి. ప్రభుత్వం వాటిని గుర్తించి తన ప్రణాళికలో కలుపుకుంది. లంక గ్రామాలు, అంటే నది పాయల నడుమ దిబ్బల మీద వెలసిన ఊళ్లు, ఉన్న గోదావరి జిల్లాలకు ఈ అనుభవం నేరుగా వర్తిస్తుంది. 1986 ఆగస్టులో భద్రాచలం వద్ద 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు చేరిన గోదావరి, పడవ లేని సహాయం గట్టు దగ్గరే ఆగిపోతుందని రెండుసార్లు చెప్పింది.

లోపాలు, విమర్శలు

ఉమ్మడి కృషి మీద వచ్చే విమర్శలను సంఘాలు దాటవేయకూడదు. మొదటిది పునరుక్తి: తారు రోడ్డు పక్కన ఉన్న ఊరికి నాలుగు శాఖల లారీలు వస్తాయి, డొంకదారి చివరి వాడకు ఒక్కటీ రాదు. రెండవది సొంతవారి మమకారం: తన సంఘం సభ్యుల జాబితా చేతిలో ఉన్న కాపరి ముందుగా వారికే ఇవ్వడం సహజంగా కనిపించినా, పక్క ఇంటిలోని హిందూ, ముస్లిం కుటుంబాలు చూస్తుండగా జరిగే ఆ పంపిణీ సువార్తకే మచ్చ తెస్తుంది. మూడవది కులం: ఉపశమన శిబిరంలో నీటి కుళాయి దగ్గర, వంట దగ్గర అంటు పాటింపు తలెత్తినప్పుడు, 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల షెడ్యూల్డు కులాల హోదా దక్కని దళిత క్రైస్తవులు రెండు వైపుల నుంచీ జారిపోతారు. నాలుగవది కౌలుదారు సమస్య: పట్టా పుస్తకంలో పేరు లేని కౌలు రైతు, అద్దె ఇంట్లో ఉండే కుటుంబం, రేషన్ కార్డు నీటిలో కొట్టుకుపోయిన వితంతువు నష్టపరిహారపు లెక్కలకు అందరు. అయిదవది, శాఖల ఉమ్మడి మండళ్లకు వెలుపల ఉన్న స్వతంత్ర సంఘాలు: తెలుగు జిల్లాల్లో వాటి సంఖ్య చాలా పెరిగినా, చాలావరకు కాసా వంటి ఉమ్మడి సంస్థల పరిధిలోకి అవి రావు, కనుక ఐక్యత పేరుతో వేసిన కమిటీల్లో వాటికి కుర్చీ ఉండదు.

మతమార్పిడి ఆరోపణ వీటన్నిటికంటే సున్నితమైనది. దీనికి సంఘాలు ఇవ్వగల జవాబు వాదనతో కంటే ఆచరణతో ఇవ్వవలసినది. 1994లో రెడ్‌క్రాస్ ఉద్యమం, స్వచ్ఛంద సంస్థలు కలిసి రూపొందించుకున్న ప్రవర్తనా నియమావళి, జాతి, మతం, దేశం చూడకుండా అవసరాన్ని బట్టే సహాయం ఇవ్వాలనీ, ఆ సహాయాన్ని ఏ మత, రాజకీయ దృక్పథాన్నీ పెంచడానికి వాడరాదనీ స్పష్టం చేసింది. ఆ నియమావళిని తీర్చిదిద్దిన సంస్థల్లో కారితాస్, లూథరన్ ప్రపంచ సమాఖ్య, ప్రపంచ సంఘాల మండలి ఉన్నాయి. అంటే ఇది సంఘాల మీద బయటివారు రుద్దిన నిబంధన కాదు, సంఘాలు తమ చేత్తో రాసుకున్న మాట. 1997లో మొదలైన స్ఫియర్ ప్రమాణాలు సహాయానికి కొలతలు కూడా ఇచ్చాయి: మనిషికి రోజుకు కనీసం 15 లీటర్ల నీరు, శిబిరంలో 3.5 చదరపు మీటర్ల నీడ, 20 మందికి ఒక మరుగుదొడ్డి. దయ ఎంత ఉన్నా కొలత లేకపోతే అది శిబిరంలో చివర కూర్చున్నవారి వరకు రాదు.

చట్టం, నిధులు

2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం జిల్లా స్థాయిలో కలెక్టరు నాయకత్వంలోని ప్రాధికార సంస్థే సహాయానికి కేంద్రం. సంఘాలు దానికి సమాంతరంగా కాక దానితో కలిసి పనిచేయవలసి ఉంటుంది. నిధుల వైపు పరిస్థితి ఇంకా మారింది. విదేశీ విరాళాల నియంత్రణ చట్టానికి 2020లో చేసిన సవరణ, విదేశీ నిధులు పొందిన సంస్థ వాటిని మరొక సంస్థకు బదిలీ చేయడాన్ని నిషేధించింది. పెద్ద సంస్థ నిధులు తెచ్చి, ఊరిలోని చిన్న సంస్థ పనిచేసే పాత ఏర్పాటు దీంతో ఆగిపోయింది. 2024 ఏప్రిల్‌లో కాసాతో సహా కొన్ని సంస్థల విదేశీ విరాళాల నమోదును కేంద్రం రద్దు చేసింది. విదేశీ డబ్బు మీద నిలిచిన ఐక్యతకు రోజులు చెల్లాయి.

అయితే తెలుగు సంఘాలకు సొంత నిధి సంప్రదాయం లేకపోలేదు. కోత పండుగనాడు విశ్వాసులు వడ్ల బస్తాలు, గుమ్మడికాయలు, అరటి గెలలు, కోళ్లు తెచ్చి పెడితే వాటిని మందిరం ఆవరణలోనే వేలం వేస్తారు. వంటకు తీసిన బియ్యంలోంచి పిడికెడు పక్కన పెట్టి ఆదివారం తెచ్చే అలవాటు కూడా ఇంకా పోలేదు. ఆ రాబడిలో ఒక వంతును మండలంలోని అన్ని శాఖలూ కలిసి వరద నిధిగా వేరు చేసుకుంటే, మొదటి వారంలో ఎవరి అనుమతికీ, ఎవరి డబ్బుకూ ఎదురుచూడవలసిన పని ఉండదు.

ముగింపు

2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో ప్రకాశం బ్యారేజీ వద్ద కృష్ణా ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులకు చేరగా, బుడమేరు కట్టకు గండ్లు పడి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతం రోజుల తరబడి నీటిలో ఉండిపోయింది. డ్రోన్లు భోజనం పొట్లాలు జారవిడిచాయి, నీరు తీశాక అగ్నిమాపక యంత్రాలు ఇళ్లలోని బురద కడిగాయి, కింది అంతస్తు వారికి 25 వేలు, మొదటి అంతస్తు వారికి 10 వేల రూపాయల సహాయాన్ని ప్రభుత్వం ప్రకటించింది. ఆ సహాయం ఎవరికి చేరాలన్న దగ్గర మళ్లీ పాత ప్రశ్నే వచ్చింది: ఆ ఇంట్లో ఉన్నది ఎవరు, ఆ పేరు ఏ జాబితాలో ఉంది? ఆ ప్రశ్నకు నిజమైన జవాబు చెప్పగలిగినవారిలో ఆ వీధి సంఘం కాపరి, విచారణ గురువు, ఇల్లిల్లూ తిరిగే మఠకన్యలు, స్త్రీల సమాజం సభ్యులు ఉన్నారు. వారి పక్కనే గుడి కమిటీ వారు, మసీదు కమిటీ వారు, డ్వాక్రా సంఘం నాయకురాలు కూడా ఉన్నారు.

కనుక ఈ సమీక్ష చేరే నిర్ణయం సూటిగా చెప్పదగినది. వరద పొంచి ఉన్న ప్రతి మండలంలో కతోలిక విచారణ, దక్షిణ ఇండియా సంఘం, లూథరన్, బాప్టిస్టు, పెంతెకొస్తు, స్వతంత్ర సంఘాలు ఒక్కసారి కలిసి కూర్చుని, పంచాయతీతో, ఇతర మతాల పెద్దలతో చేతులు కలిపి, ఊరి మొత్తానికి ఒకే నోటు పుస్తకం రాయాలి. అందులో ఇంటి పెద్ద పేరు, మనుషుల లెక్క, గర్భిణి, పసిబిడ్డ, మంచాన ఉన్న వృద్ధులు ఉన్నదీ లేనిదీ, సొంత ఇల్లా అద్దె ఇల్లా, సొంత పొలమా కౌలా అన్నది ఉండాలి. చివరి గడిలో ఎవరు ఏమిచ్చారో రాయడానికి చోటు ఉండాలి. మతం అనే గడి ఉండకూడదు. ఒక ప్రతి పంచాయతీలో, ఒక ప్రతి తడవని చోట, షెల్టరు పై అంతస్తులో ఉండాలి. వండేవారు ఎవరు, పడవలు ఎవరివి, గోదాము ఎవరిది అన్నది కూడా ముందే తేల్చుకోవాలి. నైరుతి రుతుపవనాలు జూన్‌లో వస్తాయి. ఆ పుస్తకం మే నెలలోనే సిద్ధం కావాలి.